లాన్ బౌల్స్ టోర్నమెంట్ పెడతానంటున్న మా మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామ దీవెనలు.

నిన్న రాత్రి తొమ్మిది దాటాక మీ అమ్మ ఫోన్ చేసింది. ఆ టైమ్‌కి ఫోన్ మోగితే నాకు ముందు భయమే వేస్తుంది. "అన్నా, అది మెల్‌బోర్న్ ఉద్యోగం వదిలి వస్తదట. ధర్మసాగర్ దిక్కు పొలంల గడ్డి పెంచుతదట. గుండ్లు దొర్లించే ఆటేదో ఆడిస్తదట, ఏటేటా టోర్నమెంట్ పెడతదట. నీ మాటైతే వింటది, జెర చెప్పే" అని ఏడ్చినంత పని చేసింది. సరే చెల్లె, నేను మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను. తర్వాత నిద్ర పట్టలేదు. పన్నెండింటికి లేచి అటక మీది ట్రంకు పెట్టె దించి, నా పాత టోర్నమెంట్ రిజిస్టర్లు తీసుకుని కూర్చున్నాను. మీ అత్తమ్మ లేచి చూసి ఏమీ అనకుండా చాయ్ పెట్టి ఇచ్చింది.

మీ అమ్మ నిన్ను ఆపమంది. నేను ఆపను బిడ్డా. అయిదేళ్ల పిల్లవు, కబడ్డీ కోర్టు పక్కన సున్నం బకెట్ పట్టుకుని మీ నాన్న వెంట తిరిగేదానివి. సున్నం చేతులతో కళ్లు నులుముకోకే అని నేను అరిస్తే, చేతులు వెనక్కి దాచుకుని నిలబడేదానివి. ఆ పిల్ల ఇవాళ సొంతంగా మైదానం వేసి పోటీలు పెడతానంటే నాకు గుండె నిండిపోయింది. భయం కూడా అంతే ఉంది. రెండూ రాస్తాను. ఓపిగ్గా చదువు.

ముందుగా, ఈ ఆట నాకు తెలియదనుకోకు. 2010 అక్టోబరులో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు మేం నలుగురం పీఈటీలం కాజీపేటలో రైలెక్కి వెళ్లాం. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఆవరణలోనే లాన్ బౌల్స్ పెట్టారు. మన దేశం ఆ ఆటలో దిగడం అదే మొదటిసారి. కాసేపు చూసి పోదామని కూర్చున్నవాణ్ని మధ్యాహ్నం దాకా లేవలేదు. తెల్లటి చిన్న బంతిని ముందు దొర్లిస్తారు, దాన్ని జాక్ అంటారు. తర్వాత పెద్ద గుండ్లను దానికి వీలైనంత దగ్గరికి పంపాలి. చూడటానికి మన గోలీలాట లాగే ఉంది. కానీ ఆ గుండు సూటిగా పోదు. దాని ఆకారమే ఒక పక్కకు కొంచెం తేడాగా ఉంటుంది. చిన్నప్పుడు సైకిల్ టైరును కట్టెతో కొట్టుకుంటూ ఉరికేవాళ్లం కదా, వేగం ఉన్నంతసేపు నిలబడి, తగ్గగానే ఒక పక్కకు వాలి చుట్టు తిరిగేది. ఈ గుండు కూడా అంతే, ఆగబోయే ముందే ఎక్కువ వంపు తిరుగుతుంది. జాక్‌ను చూసి విసిరితే జాక్ దగ్గరికి పోదు, పక్కన ఖాళీ చోటును చూసి విసరాలి. అది అర్థమయ్యాక నాకు మిగతా క్రీడలు చూడబుద్ధి కాలేదు.

2022 ఆగస్టు 2న బర్మింగ్‌హామ్‌లో మన ఆడవాళ్లు ఫోర్స్‌లో, అంటే నలుగురు జట్టుగా ఆడే పోటీలో, బంగారు పతకం గెలిచినప్పుడు నేను టీవీ ముందు ఒక్కణ్నే లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. లవ్లీ చౌబే, పింకి, నయన్‌మోని సైకియా, రూపారాణి టిర్కీ. దక్షిణాఫ్రికా మీద 8-2తో ముందుకు పోయి, తర్వాత 8-10తో వెనకబడి, చివరికి 17-10తో గెలిచారు. అప్పటికి లవ్లీ ఝార్ఖండ్ పోలీసుశాఖలో కానిస్టేబుల్. పింకి ఢిల్లీలో నాలాగే బడిలో వ్యాయామం నేర్పే టీచర్. ఉద్యోగాలు చేసుకుంటూ, సెలవులు పెట్టుకుంటూ నేర్చుకున్న ఆట అది. కాబట్టి "మన దగ్గర ఎవరాడతరు" అని మీ అమ్మ అంటే నేను ఒప్పుకోను.

ఇక పని సంగతి.

కంచె ముందు వేయించు. గడ్డి కంటే ముందు, బోర్డు కంటే ముందు. రెండు బర్రెలు ఒక్క రాత్రి లోపలికి వచ్చాయంటే నీ ఆరు నెలల పని పోయినట్టే.

ఆట స్థలం చదరంగా 31 నుంచి 40 మీటర్ల దాకా ఉండాలి. నలభై మీటర్ల చదరం అంటే పదహారు గుంటలు. చుట్టూ కాలువ, నడవడానికి దారి, కూర్చునే చోటు కలుపుకుంటే అరెకరం పక్కన పెట్టు. దానిలో ఏడెనిమిది రింకులు, అంటే పక్కపక్కన ఆడే పట్టీలు, వస్తాయి. మిగతా పొలం మాత్రం కౌలుకు ఇవ్వు, అమ్మెయ్యకు. అమ్మెయ్యకు అని మళ్లీ రాస్తున్నాను.

నేల గురించి నువ్వు వాళ్లనీ వీళ్లనీ అడుగుతున్నావట. నన్ను అడుగు. మీ నాన్న పొలంలో పై భాగం చెలక, కింది భాగం నల్లరేగడి. రేగడి వైపు పోకు. ఎండాకాలం అరచెయ్యి పట్టేంత నెర్రెలు ఇస్తుంది, వానకు ఉబ్బుతుంది, ఎంత చదును చేసినా ఏడాదిలో అలలు తేలుతుంది. చెలక వైపే తవ్వించి, మొరం పరిచి, పైన ఇసుక కలిపిన మన్ను వేయాలి. వరి మడులకు లేజర్ లెవలర్లు తిప్పుతున్నారు కదా, అలాంటిదే ఒకటి మాట్లాడు. గడ్డి విదేశాల నుంచి తేవాలని కంగారు పడకు. వేడి దేశాల్లో ఈ ఆటకు వాడే గడ్డి మన గరిక జాతే. వినాయకుడికి పెట్టే గరికే, దానిలో సన్నగా అణిగి పెరిగే రకాలు. అది మన ఎండకు చావదు. కానీ నీళ్లు కావాలి.

నీళ్లు. ఇక్కడ నాకు భయం. మా నాన్న వేసిన మూడు బోర్లలో రెండు నా కళ్ల ముందే ఎండాయి. మూడో బోరుకు తెచ్చిన అప్పు నా ఉద్యోగం వచ్చాక నేను తీర్చాను. ఆ అయిదేళ్లు మా అమ్మ చెవులకు పుల్లలు పెట్టుకుని తిరిగింది, కమ్మలు కుదువలో ఉండేవి. అందుకే చెబుతున్నాను, ఏప్రిల్, మే నెలల్లో మీ బోరు ఎంతసేపు పోస్తుందో ఒక ఎండాకాలం చూడకుండా గడ్డి వేయకు. అవసరమైతే ఆ రెండు నెలలు ఆట ఆపెయ్. లేదా మొదట్లో సింథటిక్ కార్పెట్ వేసుకో, పెద్ద పోటీలు కూడా దాని మీద ఆడతారు. ఏది చేసినా అప్పు తెచ్చి చేయకు. అప్పు తెస్తున్నావని తెలిస్తే నేనే వచ్చి ఆపుతాను, మామ దీవించాడు కదా అనుకోకు.

తేదీల విషయం తేలిక. వాన మొదలయ్యాక దసరా దాకా వద్దు. మార్చి పరీక్షలది. డిసెంబరు చివర, జనవరి మొదట్లో పెట్టుకో. సంక్రాంతి నుంచి ఐనవోలు జాతర, దాని జోలికి పోకు. రెండేళ్లకోసారి మేడారం వస్తుంది, ఆ ఏడు ఇంకా జాగ్రత్త. బస్సులన్నీ మేడారం పోతాయి, డ్రైవర్లుండరు, వంటవాళ్లుండరు, నీ అంపైర్లు కూడా కోడిని పట్టుకుని అమ్మవారి గద్దెల దగ్గరే ఉంటారు.

చెప్పుల సంగతి పట్టించుకో. మడమలు లేని చదును బూట్లు వేసుకున్నవాళ్లే గడ్డి మీద కాలు పెట్టాలి. ప్రారంభం రోజు పెద్దమనుషులు వస్తారు, వాళ్ల వెంట యాభై మంది వస్తారు, ఫొటో కోసం అందరూ మధ్యలోకి నడుస్తారు. స్టేజీని కంచె బయట కట్టు. శాలువాలు అక్కడే కప్పు.

మంచి నేల ఏం చేస్తుందో నేను చూశాను. 2021 సెప్టెంబరులో మన హన్మకొండ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పెట్టినప్పుడు నేను అయిదు రోజులూ వెళ్లాను. కొత్త సింథటిక్ ట్రాక్. పంజాబ్ పిల్ల హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో ఉరికింది. 2002 నుంచి సునీతా రాణి పేరు మీదున్న జాతీయ రికార్డు మన ఊళ్లో బద్దలైంది. బయటికి వస్తుంటే ఒక సోడా బండాయన "ఏమైంది సార్, గంత లొల్లి" అని అడిగాడు. చెప్పాను. బండి ఆపి స్టేడియం వైపు తిరిగి చూశాడు. నేల బాగుంటే మన దగ్గరికే వస్తారమ్మా.

ఇక అసలు విషయానికి వస్తాను. దీని కోసమే ఈ లేఖ మొదలుపెట్టాను, ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను.

మన ఊళ్లో కబడ్డీ పోటీలు 1981 సంక్రాంతికి మొదలుపెట్టాను. మొదటి ఏడు ఎనిమిది జట్లు. మీ నాన్న, నేను, బడి అటెండర్, ముగ్గురం కలిసి కోర్టు తవ్వాం. మన్ను జల్లెడ పట్టి, వరి ఊక కలిపి, రాత్రి నీళ్లు చల్లి, తెల్లారి సున్నంతో గీతలు వేశాం. గీతలు మీ నాన్నే వేయాలి. పురికొస కట్టి ఒక చివర నన్ను పట్టుకోమని, ఊపిరి బిగబట్టి వేసుకుంటూ పోయేవాడు. మొదటి బహుమతి ఒక షీల్డు, రెండో బహుమతి ఏడు స్టీలు బిందెలు. బిందె నెత్తిన పెట్టుకుని ఆటగాడు వాడకట్టులో నడిచిపోతుంటే వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి చూసేది. షీల్డు కంటే బిందెలకే పోటీ ఎక్కువ ఉండేదని నా నమ్మకం. పదిహేనేళ్లకు ముప్పై రెండు జట్లయ్యాయి. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లి ముహూర్తాలు కూడా మా పోటీల తేదీలు చూసి పెట్టుకునేవారు.

1997లో ఒక కాంట్రాక్టర్ వచ్చి మొదటి బహుమతి ఇరవై అయిదు వేలు నేనిస్తానన్నాడు. ఆ రోజుల్లో అది నా నాలుగైదు నెలల జీతం. నాకు కళ్లు తిరిగాయి. ఇరవై అయిదు వేలంటే పేపర్లో వస్తుంది, మన పోటీలు జిల్లా అంతా తెలుస్తాయి అనుకున్నాను. మీ నాన్న ఒక్కమాట అన్నాడు. "బామ్మర్దీ, పైసలు వెడితే పైసలకొచ్చేటోళ్లొస్తరు." నేను కోపం చేశాను. నీకు ఆటల గురించి ఏం తెలుసు, నువ్వు గీతలు వేసుకో అన్నాను. అన్నాను బిడ్డా ఆ మాట. మీ నాన్న ఏమీ అనకుండా బకెట్ తీసుకుని పోయి గీతలు వేశాడు.

ఆ ఏడు దూరాల నుంచి జట్లు వచ్చాయి. పేరుకు ఏదో ఊరు జట్టు, ఆడేవాళ్లు మాత్రం ఒక్కరూ ఆ ఊరివాళ్లు కాదు. ఆటకింత అని మాట్లాడుకుని వచ్చినవాళ్లు. బాగా ఆడారు, ఆ మాట కాదనలేను. జనం విపరీతంగా వచ్చారు. నాకు సంతోషంతో కాళ్లు నేల మీద నిలవలేదు.

మన చెరువుకట్ట వాడ జట్టు నీకు గుర్తుండదు. మొదటి ఏడు ఆడిన ఎనిమిది జట్లలో అదొకటి. ఒక్కసారీ ఫైనల్‌కు రాలేదు, ఒక్క ఏడూ మానలేదు. వాళ్ల కెప్టెన్ తాళ్లెక్కే మనిషి. పొద్దున కల్లు దించి, కాళ్లు చేతులు కడుక్కుని, పది గంటలకు కోర్టులో ఉండేవాడు. మోకు రాసుకుని అతని ఛాతీ మీద, చేతుల లోపలివైపు నల్లగా కాయలు కాసి ఉండేవి. అతను పట్టుకుంటే విడిపించుకోవడం కష్టం. జట్టు బనియన్ల మీద నంబర్లు ఇంటి తలుపుల రంగుతో రాసుకున్నవి, అవే బనియన్లు, ఏటేటా కొంచెం కొంచెం పెచ్చులు రాలి 8 కాస్తా 3 అయ్యేది. ఆ ఏడు రెండో రౌండ్‌లోనే వాళ్లకు ఆ కిరాయి జట్టు తగిలింది. అరగంట ఆట కూడా లేదు. జట్టు జట్టంతా ఔటై వరసగా లోనా మీద లోనా పడింది. జనం నవ్వారు. మన ఊరి జనమే, మన ఊరి జట్టును చూసి నవ్వారు. అంతకుముందు పదహారేళ్లలో ఓడినవాళ్లను చూసి నవ్విన చప్పుడు నేను వినలేదు.

ఆట అయ్యాక అతను నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. మోచేయి చెక్కుకుపోయి మన్ను అంటుకుని ఉంది. ఎంట్రీ ఫీజు రసీదు నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకున్నాడు. డబ్బులు వాపసు అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు. రసీదు టేబుల్ మీద పెట్టి, "సారూ, వచ్చే యేడు మా పేరు రాయకుండ్రి" అన్నాడు. నేను అప్పుడు సాయంత్రం వచ్చే అతిథుల కుర్చీలు లెక్కపెడుతున్నాను. తల ఎత్తలేదు. "అట్లనే" అన్నాను. అతను కాసేపు నిలబడ్డాడు, నేను ఇంకేమైనా అంటానేమోనని. లెక్క తప్పిపోతుందని నేను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. తల ఎత్తేసరికి లేడు.

మరుసటి ఏడు మన చుట్టుపక్కల జట్లు సగం రాలేదు. కాంట్రాక్టర్ కూడా రాలేదు, మాట మాత్రం ఊరంతా పాకింది కాబట్టి బహుమతి తగ్గించలేకపోయాను. నా జీతంలోంచి పెట్టాను, మీ అత్తమ్మ గాజులు పెట్టాను. 1999లో తొమ్మిది జట్లు. కోర్టు తవ్వడానికి మీ నాన్న, నేను తప్ప ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు, ఆడనివాళ్లు మన్ను ఎందుకు జల్లెడ పడతారు. 2000 సంక్రాంతికి నేను పోటీలు పెట్టలేదు. ఎవరూ వచ్చి ఎందుకు పెట్టలేదని అడగలేదు. అది నాకు అన్నిటికంటే ఎక్కువ తగిలింది.

నిన్న రాత్రి రిజిస్టర్లలో ఆ జట్టు కోసం వెతికాను. పేర్లు లేవు. గెలిచినవాళ్ల పేర్లు, బహుమతి ఇచ్చినవాళ్ల పేర్లు గుండ్రటి అక్షరాలతో రాసి పెట్టుకున్నాను. పదిహేడేళ్లు వచ్చి పదిహేడేళ్లూ ఓడిన జట్టు గురించి ఒక్క గీత లేదు. నువ్వు మాత్రం మొదటి రోజే మందపాటి రిజిస్టర్ కొను. వచ్చిన ప్రతి మనిషి పేరు రాయి. రింకు నీళ్లు పట్టినవాళ్ల పేరు కూడా రాయి.

నీ ఆటలోనే దీనికి జవాబుంది, చూశావో లేదో. ఇంగ్లండులో సౌతాంప్టన్ ఊళ్లో 1299 నుంచి ఉందని చెప్పే బౌలింగ్ మైదానం ఉంది. అక్కడ నైట్‌హుడ్ అనే పోటీ 1776లో మొదలైంది. ఏడు పాయింట్లు ముందు ఎవరికి వస్తే వాళ్లు గెలిచినట్టు. గెలిచినవాడికి ఒక పతకం, "సర్" అనే పిలుపు ఇస్తారు. అంతే, మళ్లీ ఎప్పుడూ అతను ఆ పోటీలో ఆడకూడదు. గెలిచినవాళ్లంతా పొడుగు టోపీలు, తోక కోట్లు వేసుకుని నిలబడి, మిగతావాళ్ల ఆటను కొలుస్తారు, పాయింట్లు రాస్తారు, పోటీ నడిపిస్తారు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. గెలిచినవాణ్ని పనివాణ్ని చేశారు. ఓడినవాడికి వచ్చే ఏడు ఒక అడ్డం తగ్గింది, ఎందుకంటే తనను ఓడించినవాడు ఇప్పుడు టేపు పట్టుకుని పక్కన ఉన్నాడు. మా కబడ్డీలో ఇలాంటిదొకటి పెట్టుకుని ఉంటే చెరువుకట్ట వాడ జట్టు ఎప్పుడో ఒక ఏడు బిందెలైనా పట్టుకుపోయేది.

ఇంకోటి బ్లాక్‌పూల్‌లో ఉంది, 1907 నుంచి. వాటర్లూ హ్యాండికాప్ అంటారు. అది మధ్యలో గుబ్బలాగా లేచి ఉండే గడ్డి మీద ఆడే రకం. దాని పేరులోనే హ్యాండికాప్ ఉంది, అంటే బలహీనుడికి ముందే కొన్ని పాయింట్లు ఇచ్చి ఆట మొదలుపెట్టే పద్ధతి. చిన్నప్పుడు నీతో గోలీలాడితే నిన్ను రెండు జానలు ముందు నిలబెట్టేవాణ్ని, అదే.

నువ్వు పెట్టే పోటీకి ఏ పద్ధతి తీసుకుంటావో నీ ఇష్టం. డబ్బు బహుమతి మాత్రం వద్దు. ఎవరొచ్చి ఎంతిస్తానన్నా వద్దు. ఇవ్వాలనుంటే నీళ్ల ట్యాంకర్ ఇమ్మను, పిల్లలకు గుండ్ల సెట్లు కొనిమ్మను. ఒక్కో గుండు కిలోన్నర దాకా బరువు ఉంటుంది, చిన్న చేతికి చిన్న సైజు కావాలి. అందరికీ ఒకే సైజు తెస్తే ఆడపిల్లలు, చిన్నపిల్లలు మొదటి రోజే చేయి నొప్పి అని వెళ్లిపోతారు. ఎంట్రీ ఫీజు పెట్టకు, పెడితే చాయ్ ఖర్చంత పెట్టు. 1541లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ చట్టం చేసి, కూలీలు, చేతివృత్తులవాళ్లు ఈ ఆట ఆడకూడదన్నాడు. క్రిస్మస్ పండగ రోజుల్లో, అది కూడా యజమాని ఇంట్లోనో ఎదుటో ఆడుకోవచ్చట. ఆ చట్టం 1845 దాకా తీసేయలేదు. మూడు వందల ఏళ్లు మామూలు మనిషికి దక్కనివ్వని ఆట ఇది. రాజు చట్టం చేసి ఆపిన పనిని మనం రసీదు పుస్తకంతో చేయొద్దు.

ముసలోళ్ల ఆట అని నవ్వేవాళ్లుంటారు. క్రికెట్ పెద్దాయన డబ్ల్యూ.జి. గ్రేస్ వయసు మళ్లాక ఈ ఆటలోనే పడ్డాడు, 1903లో ఇంగ్లండు బౌలింగ్ సంఘానికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే, అని చెప్పు. అయినా ముసలోళ్లు ఆడితే ఏం. మన హన్మకొండలో రిటైరైనవాళ్లు పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి, బెంచీల మీద కూర్చుని బీపీల గురించి మాట్లాడుకుంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ని. వాళ్లను పిలువు. ఒక్కో రింకులో ఒక ముసలాయన, ఒక బడిపిల్ల జోడీగా ఆడేలా పెట్టు. పిల్లకు చేయి ఉంటుంది, ఆయనకు ఓపిక ఉంటుంది.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? మీ అమ్మ ఫొటో పంపింది, సన్నబడ్డావు. అక్కడ చలి, ఇక్కడ ఎండ, రాగానే పొలంలో నిలబడకు. మొదటి పదిహేను రోజులు పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తర్వాతే వెళ్లు. పక్కన వరి మడులున్నాయి, చీకటి పడితే టార్చి లేకుండా గెట్టు మీద కాలు పెట్టకు. పాములుంటాయి. నవ్వకు. మీ నాన్న ఆ గెట్టు మీదే రెండుసార్లు తప్పించుకున్నాడు, మీ అమ్మకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడు నీకు చెప్పేశాను.

గడ్డి మీద మొదటి గీతలు వేసే రోజు నన్ను పిలువు. ఈ ఆటలో సున్నం గీతలుండవని, రింకుల మూలల్లో గుర్తులు పాతి దారం లాగుతారని నాకు తెలుసు. దారం ఒక చివర పట్టుకోవడం నాకు వచ్చు. పద్దెనిమిది ఏళ్లకు పైగా పట్టుకున్నాను.

నువ్వు వచ్చే ఆదివారం దిగుతావట కదా. సోమవారం పొద్దున మొదటి బస్సుకు నేను ధర్మసాగర్ వస్తాను. చెలక వైపు మూడు చోట్ల మోకాలి లోతు గుంతలు తీయించి ఉంచు, మన్ను చూడాలి. బోరు నీళ్లు ఒక సీసాలో పట్టిపెట్టు, ఉప్పెంతుందో పరీక్ష చేయించాలి, ఉప్పు నీళ్లయితే గరిక కూడా ఎర్రబడుతుంది.

చెరువుకట్ట వాడ కెప్టెన్ ఇప్పుడు హన్మకొండలోనే ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా ఉన్నాడని చాయ్ హోటల్ దగ్గర తెలిసింది. నంబర్ దొరికింది. ఇవాళ రెండుసార్లు నొక్కి, మోగకముందే కట్ చేశాను. రేపు పొద్దున నేనే ఆ అపార్ట్‌మెంట్‌కు వెళ్తాను. వస్తానంటే సోమవారం మా ఇద్దరికీ అన్నం వండి పెట్టు. పచ్చిపులుసు అంటే అతనికి ఇష్టం.

మీ మామ
హన్మకొండ